సొరంగపేటలో ఎర్ర పెరుగు

శుక్రవారం, వెలుగు పక్షం

ఇవాళ వరహాలు పప్పులో ఉప్పు లేదని నన్ను తిట్టింది!

ఎంత బాగా తిట్టిందనుకున్నారు! "ఏటి నాన్నా, ఉప్పు అద్దెకి తెత్తన్నావేటి? నోట్లో ఎడితే గడ్డినాగుంది" అంది. ఆ గొంతు అలా విని ఏడాది దాటింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "సూత్తావేటి, ఆ డబ్బా ఇలాగియ్యి" అని చెయ్యి చాపింది. కంగారులో డబ్బా విసురుగా అందించేసరికి సగం ఉప్పు పైకి లేచిపోయింది. చందమామ మీద ఉప్పుక్కూడా తొందరుండదు కదా. సన్నటి వానలాగా, నింపాదిగా మా ఇద్దరి నెత్తి మీదా దిగింది. అది జుట్టు దులుపుకుంటూ నవ్వింది. నా కూతురు నవ్వింది!

దూరాన ఉన్న ఇంకో పేట, గట్టూరులో ఉండే డాక్టరమ్మ తస్లీమా గారికి రోజూ కబురు పంపాలి. ఆవిడ ఇచ్చిన పలకలో మూడే గళ్ళున్నాయి: తిండి, నిద్ర, మాట. ఉప్పు వాన సంగతి ఏ గడిలో పెట్టను? అందుకే ఆవిడకు పంపేది పంపి, ఇవాళ్టి నుంచి నాకోసం వేరే రాసుకుంటున్నాను. చదివింది ఐదో తరగతే అయినా, ఇంత సంతోషం వచ్చాక రాయకుండా ఎలా ఉంటాను?

వరహాలుకి ముప్పై నాలుగు. బయట నేల మీద ఎండ పలకలు తుడిచే పని దానిది. మా పేటలో వెలిగే ప్రతి దీపం ఆ పలకల మీద పడే ఎండే. అలాంటి పిల్ల ఒకరోజు పనిలోంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది, మరి లేవలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ పోలేదు. "ఏటయిందమ్మా?" అంటే, "ఏటీ అవలేదు నాన్నా, అదే" అనేది. తరవాత ఆ మాట కూడా మానేసింది. ఆ గోడకు దాని ఊపిరి తగిలి తగిలి మరక పడింది.

చివరికి తస్లీమా గారు తెర మీద దానితో చాలాసేపు మాట్లాడి మనసు మందు ఇచ్చారు. "కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టండి" అన్నారు. పట్టాను. ఇదిగో, ఇవాళ ఉప్పు!

భోజనం చివర్లో గిన్నె ముందుకు తోసి, "పెరుగు లేదా?" అని అడిగింది కూడా. లేకపోవడమేమిటి తల్లీ!

ఆదివారం, వెలుగు పక్షం

మా వదిన అసిరమ్మ వచ్చింది. చనిపోయిన నా భార్య నర్సమ్మకు సొంత అక్క. పేట మొత్తానికి పెరుగు తోడేసేది ఆవిడే. ఇక్కడ ఆవులెక్కడివి, తొట్టెల్లో తయారయ్యే తొట్టిపాలే మరిగించి, చల్లార్చి, తోడు కలిపి ఇంటింటికీ గిన్నె నింపి పంపుతుంది. పెళ్ళయి కొత్త కాపురం పెట్టేవాళ్ళకు మొదట వెళ్ళేది ఆవిడ తోడే.

గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "నవ్విందన్నావు, ఏది? ఎక్కడ? నాను రాకుండానే నవ్వీసిందేటి?"

"ఉండు దొడ్డా, టిక్కెట్టు తే, మళ్ళీ నవ్వి సూపిత్తాను" అంది వరహాలు మంచం మీద లేచి కూర్చుని.

వదిన పక్కన కూలబడి దాని తల నిమురుతూ, "నీ అమ్మ కడుపు సల్లగుండ, నీ అమ్మ కడుపు సల్లగుండ" అని అదే మాట అంటూ ఉండిపోయింది. తరవాత నావైపు తిరిగి, "మరిదీ, గుంట ఎలాగయిపోయిందో సూడు, ఎముకలు లెక్కెట్టొచ్చు. రేపట్నుంచి మీగడతో పంపుతాను. గిన్నె కాదు, కుండ" అంది.

కుండే పంపింది. పొద్దున్న పెరుగన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, నడుమ మజ్జిగ. ఇదివరకు గిన్నెడు పెరుగులో సగం మిగిలిపోయేది. ఇప్పుడు వేలితో అడుగంతా నాకి, "ఇంకుందా?" అంటోంది. మా పేట ఎర్ర పెరుగు గ్లాసులో పోస్తే ఒక పట్టాన దిగదు. మూతికి ఎర్రగా మీసం కట్టుకుని అది తాగుతుంటే చూడడం ఎంత బాగుంటుందో, ఏం చెప్పను!

గురువారం, వెలుగు పక్షం

ఇవాళ పనిలోకి వెళ్ళింది!

ముందు బరువు చొక్కా వేసుకోవాలి కదా. మేము ఇక్కడ బరువుండం, అందుకని రాతి పొడి నింపిన చొక్కా తొడుక్కోకపోతే కండలు కరిగిపోతాయి. పసిపిల్లలకు కూడా చిన్నచిన్న చొక్కాలుంటాయి. వరహాలు ఏడాదిగా తొడగలేదు. దాని చొక్కా దులిపి, జేబుల్లో పొడి సగమే ఉంచి ఇచ్చాను. "ఇదేటి, బాలింతరాలికి ఇచ్చినట్టు" అని నా చేతిలో పొడి లాక్కుని నింపేసుకుంది.

కిటికీ దగ్గర నిలబడి చూశాను. వరసగా పలకలు, వాటి మధ్య తెల్ల తొడుగులో నా కూతురు, దాని భుజం మీద తుడుపు కర్ర. నల్లటి ఆకాశంలో భూమి. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. అది కర్ర ఊపింది. పక్కనున్నవాళ్ళందరికీ చూపించాను. "మాదే, ఆ మూడో వరసలోది మాదే" అని. వాళ్ళకు తెలీదా? తెలుసు. అయినా చెప్పాను.

సోమవారం, చీకటి పక్షం

కాళ్ళు నొప్పులంటోంది. తొడలు, పిక్కలు. చొక్కా నొప్పులేనని అందరూ అన్నారు. ఏడాది తరవాత తొడిగితే ఎవరికైనా వస్తాయి. నువ్వుల నూనె వేడిచేసి రాశాను. రాస్తుంటే, "నాన్నా, మెల్లిగా. పిండికాదది, తొడ" అంది. నవ్వుకున్నాం.

"చొక్కా తీసీకు, తీస్తే నొప్పి ఆడే ఉండిపోద్ది" అని వదిన చెప్పింది. బలానికని ఇంకో గిన్నె పెరుగు ఎక్కువ పంపింది. చీకటి పక్షంలో, ఎండ రాని ఈ రెండు వారాలూ, బయట పని ఉండదు కాబట్టి లోపలి సొరంగం చుట్టూ దాన్ని నడిపించాను. అది పళ్ళు బిగబట్టి నడిచింది. నేను పక్కనే చప్పట్లు కొడుతూ నడిచాను.

శనివారం, చీకటి పక్షం

జడ వేసుకోవడానికి చేతులు లేవడం లేదు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్లకు ఆనించి లేస్తోంది. చందమామ మీద! ఇక్కడ ఇంత వయసువాణ్ణి నేనే ఒక్క గంతులో లేస్తాను.

తెర ముందు కూర్చుని తస్లీమా గారిని పిలిచాను.

"జ్వరం ఉందా?"

"లేదండి."

"ఎక్కడైనా పడిందా?"

"లేదండి."

"నా మందు కాకుండా వేరే మందులేమైనా వాడుతోందా? మొదటిరోజు కూడా అడిగాను. ఏదైనా సరే, నొప్పి బిళ్ళ, నాటు మందు, చూర్ణం..."

"అబ్బే, లేదండి! మా పేటలో బిళ్ళంటేనే ముఖం తిప్పుకుంటారు. తిండి తప్ప ఏమీ లేదు. తిండి మాత్రం బ్రహ్మాండంగా తింటోందండి, మీ దయ!"

ఆవిడ నవ్వలేదు. "రేపు రక్తం పెట్టెలో చుక్క వేసి పంపండి. చొక్కా తీసేయమనండి. నీళ్ళు బాగా తాగించండి" అన్నారు.

తెర ఆరిపోయాక వరహాలు, "అలా ముఖం ఎట్టకు నాన్నా, బాగానే ఉన్నాను. నొప్పున్నాది గానీ లోపల బాగున్నాది" అంది. గుండె మీద చెయ్యి వేసి చూపించింది.

మంగళవారం, చీకటి పక్షం

మా ఇళ్ళలో ఒక్క చుక్క నీరూ పారబోయం. మరుగుదొడ్డి నీళ్ళు కూడా గొట్టంలో పడి, వడకట్టుకుని తిరిగి కుళాయికే వస్తాయి. గొట్టం మీద చిన్న దీపం ఉంటుంది. నీళ్ళు మామూలుగా ఉంటే పచ్చగా వెలుగుతుంది. పొద్దున్న వరహాలు వెళ్ళి వచ్చాక ఆ దీపం ఎర్రగా వెలిగింది. గొట్టం తనంతట తనే మూసుకుంది.

"నాన్నా, టీ రంగులో వత్తంది" అంది వరహాలు. నవ్వుతూ చెప్పబోయింది. నవ్వు రాలేదు.

ఈలోగా తెర మోగింది. ఆదివారం బండిలో పంపిన రక్తం పెట్టె అందగానే, ఫలితం చూసి తస్లీమా గారే పిలిచారు.

"కండరాలు కరిగి రక్తంలో కలుస్తున్నాయి తవిటయ్య గారూ. అదంతా మూత్రపిండాల మీద పడుతోంది. నేను సామాన్ల బండిలో బయల్దేరుతున్నాను. రెండు పూటల్లో మీ దగ్గర ఉంటాను. అప్పటిదాకా మనసు మందు వెయ్యొద్దు."

"ఎందుకండీ? ఆ మందు వల్లేనా?"

"తెలీదు. వేరే మందులేమీ లేవంటున్నారు. మిగిలింది నాదే కదా. అదే కారణమైతే పూర్తిగా ఆపేయాలి."

వరహాలు తెర ముందుకు జరిగింది. జరగడానికి కూడా ఎంత కష్టపడిందో.

"డాక్టరమ్మా, కాళ్ళు పోయినా పరవానేదు. కూకుని సేసే పని ఏదో సేసుకుంటాను. ఆ గోడ కాడికి మాత్రం నన్ను మళ్ళీ పంపకండి."

ఆవిడ, "వస్తున్నాను వరహాలూ" అని మాత్రం అన్నారు.

అదే రోజు, మళ్ళీ

మాత్ర వెయ్యలేదు. డబ్బా అటక మీద పెట్టాను. వరహాలు దానివైపు చూడకుండా ఉండడానికి నాతో పులి-మేక ఆడింది. రెండుసార్లు ఓడించింది. మధ్యమధ్యలో దాని ముఖంలోకి చూస్తున్నాను, నవ్వు ఇంకా ఉందా, తగ్గిందా అని. "నా ముఖంలో మేకలు లేవు నాన్నా, బల్ల సూడు" అంది.

బుధవారం, చీకటి పక్షం

ఏం రోజు! మొదటినుంచీ రాస్తాను.

తస్లీమా గారు సామాన్ల బండి దిగి, దుమ్ము దులుపుకుని సరాసరి మా ఇంటికి వచ్చారు. పొట్టి మనిషి, మా వదిన భుజం దాకా వస్తారేమో. వచ్చీ రాగానే సూది పెట్టి, సీసాతో నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టారు. కాళ్ళూ చేతులూ నొక్కి చూశారు. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తీయించారు. నూనె వాసన చూశారు. పళ్ళపొడి కూడా చూశారు. ఏమీ దొరకలేదు.

"ఇక నా మందే" అన్నారు మెల్లగా. ఆవిడకూ ఆ మాట అనడం ఇష్టం లేదు.

అప్పటికి మా వదిన అన్నం వండి తెచ్చింది. ఎవరు ఏ పనిమీద వచ్చినా మా పేటలో పెరుగన్నం తినకుండా లేవనివ్వం. డాక్టరమ్మ వద్దన్నా వినకుండా వదిన పళ్ళెం పెట్టి, పెరుగు పోసింది.

ఆవిడ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగారు.

"ఇదేమిటండీ, ఈ రంగు? బీట్‌రూటా?"

"బీటూ లేదు, రూటూ లేదు. మా పెరుగు రంగే అంత" అంది వదిన గర్వంగా.

"గట్టూరులో పెరుగు తెల్లగా ఉంటుందే!"

"గట్టూరోళ్ళకేటి తెల్సు పెరుగు! ఇది మునుపు మా పేటలో ఉండీ ముసలి డాక్టరుబాబు తన సేత్తో సేసిన తోడు. మా సెల్లి నర్సమ్మ గుండాగి పోయిందా, ఆ ఏడే. ఈ తొట్టిపాలల్లో కొవ్వు రత్తంలో పేరుకుపోతంది అసిరమ్మా, ఇంకెవరూ ఇలా పోకూడదు, ఈ తోడు తింటే కొవ్వు దిగిపోద్ది అని నా సేతిలో ఎట్టీనాడు. ఆయన పోయి శానా కాలమైంది. తోడు మాత్రం ఒక్కపూట తప్పలేదు. అప్పట్నుంచి ఈ పేటలో గుండాగి పోయినోడు ఒక్కడుంటే సూపించు!"

డాక్టరమ్మ పళ్ళెం కింద పెట్టేశారు. సంచీలోంచి పెట్టె తీసి, అందులో పెరుగు చుక్క వేశారు. ఆ పెట్టె గుయ్‌మని మోగుతున్నంతసేపూ మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"అసిరమ్మ గారూ, ఇది మందు."

"మందేటమ్మా? పెరుగు!"

"పెరుగే. కానీ ఇందులో పెరిగే ఎర్ర బూజు కొవ్వు తగ్గించే మందును తనే తయారుచేస్తోంది. మీ ముసలి డాక్టరు గారు చాలా తెలివైన మనిషి. తవిటయ్య గారూ, వేరే మందులు వాడుతున్నారా అని మిమ్మల్ని ఎన్నిసార్లడిగాను!"

"లేవనే చెప్పానండి! పెరుగు మందెలా అవుతుందండీ?"

"అవును. మీరు నిజమే చెప్పారు. పలకలో తిండి బాగుందా లేదా అనే అడిగాను గానీ, ఏం తింటున్నారని నేనే అడగలేదు" అని ఆవిడ తల పట్టుకున్నారు.

తరవాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. మింగిన మందు ఒళ్ళు విడిచి పోవాలంటే ముందు కాలేయం దాన్ని అరగదీయాలట. ఈ పెరుగులో మందునీ, ఆవిడ ఇచ్చిన మనసు మందునీ కాలేయంలో నూరే రోలు ఒకటే. మనసు మందు వచ్చి ఆ రోలును ఆక్రమించుకుని కూర్చుంది. పెరుగు మందు అరగక, పోక, రోజురోజుకీ ఒంట్లో పోగుబడిపోయింది. ఎక్కువైతే అది కండను కొరుకుతుంది. రెండూ మంచి మందులే. విడివిడిగా ఎవరికీ ఏమీ చెయ్యవు. మనసు మందుల్లో అన్నీ ఇలా చెయ్యవు, ఆవిడ ఇచ్చినది చేస్తుంది. కొవ్వు మందుల్లో కూడా అన్నీ ఆ రోలుకే వెళ్ళవు, ఇది వెళ్తుంది.

"రోజుకు ఎంత తింటోంది?" అని అడిగారు.

పొద్దున్న గిన్నె అన్నాను. మధ్యాహ్నం గిన్నె అన్నాను. మజ్జిగ అన్నాను. మీగడ అన్నాను. కుండ అన్నాను. నవ్విన ప్రతిసారీ ఇంకాస్త పోశాను కదా!

"ఏడవకండి, పక్కకు జరగండి, సీసా మార్చాలి" అన్నారు డాక్టరమ్మ.

మంచం మీంచి వరహాలు తల ఎత్తింది. "అయితే డాక్టరమ్మా, ఆపాల్సింది ఏది?"

"పెరుగు. ఇప్పటికి అది చాలు."

"నా మందు?"

"అది రేపు పొద్దున్నుంచి మళ్ళీ వేసుకో."

వరహాలు కళ్ళు మూసుకుంది. రెండు కళ్ళలోంచీ నీళ్ళు చెవులవైపు మెల్లగా జారాయి. నేను మాత్రం డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. ఏమేమి అన్నానో గుర్తులేదు. అమ్మా అన్నాను, తల్లీ అన్నాను, మీ పిల్లలు చల్లగుండాలన్నాను. "నాకు పిల్లలు లేరండీ, చెయ్యి వదలండి, సూది పట్టుకోవాలి" అన్నారావిడ.

అప్పుడు చూశాను. మా వదిన కుండ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం, చీకటి పక్షం

డాక్టరమ్మ ఇంకా ఇక్కడే ఉన్నారు. గొట్టం దీపం ఎరుపు నుంచి నారింజకు వచ్చింది.

మా పేటలో చావు జరిగిన ఇంట్లోనే పెరుగు మానేస్తారు. కర్మ అయ్యేదాకా ఆ ఇంటికి గిన్నె వెళ్ళదు. అందుకని నిన్న, ఇవాళ మా గుమ్మంలో గిన్నె లేకపోయేసరికి జనం ఒక్కొక్కరే రావడం మొదలైంది. తల మీద గుడ్డ వేసుకుని వచ్చారు. ఎదురింటివాళ్ళు అలవాటు ప్రకారం వంకాయ కూర తెచ్చారు. "ఎవరు పోయారు బాబూ?" అని గుమ్మంలోనే బొంగురు గొంతుతో అడుగుతున్నారు.

"నానే పోయినాను. కూర ఆ బల్ల మీద ఎట్టండి, ఆకలేత్తంది" అంది వరహాలు లోపలినుంచి.

గిన్నె జారిపోయింది వాళ్ళ చేతిలోంచి. చందమామ మీద కాబట్టి పట్టుకోగలిగాను.

అడిగినవాళ్ళకల్లా చెప్పాను. మనసు మందు సంగతి కూడా దాచలేదు. ఎందుకు దాచాలి? ఆ మందే నా కూతుర్ని తెచ్చి ఇచ్చింది. చెప్పాక వింత జరిగింది. వచ్చినవాళ్ళలో ముగ్గురు, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు, నా కంటపడకూడదని వెనక గుమ్మంలోంచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి గుసగుసగా మాట్లాడారు. వాళ్ళూ మనసు మందులు వాడుతున్నారట. ఇన్నేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం! ముగ్గురిలో ఇద్దరి మందు ఆ రోలు జోలికి పోదట. మూడో మనిషికి మాత్రం వెంటనే పెరుగు మాన్పించారు.

ఆదివారం, చీకటి పక్షం

పెరుగింటికి వెళ్ళాను. వదిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. పాలు పొంగుతున్నా చూడడం లేదు. నేనే దించాను.

"నా పెరుగు ఇసమంటున్నారట మరిదీ."

"ఎవరన్నారు? మందన్నారు. చాలా మంచి మందన్నారు."

"ఆ తోడు ఇంకొక్క ఏడు ముందొచ్చుంటే నర్సి బతికేది. దాని పేరు సెప్పుకునే తోడేత్తన్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు దాని కూతురికే..." అని ఆగిపోయింది.

నాకు ఓదార్చడం రాదు. పక్కన కూర్చుని పాలగిన్నె మీద విసిరాను. ఆవిడే అడిగింది. "పెరుగు మానేత్తే మరి గుంట గుండె సంగతేటి? నర్సి రత్తమే కదా దానిది."

అడిగింది! అడగాలనే కదా నేను వెళ్ళింది. "కండలు కుదుటపడ్డాక వేరే బిళ్ళ ఇస్తారట. కొవ్వు తగ్గించేదే, కానీ ఆ రోలు దగ్గరికి వెళ్ళదట. వేరే దారిన బయటికి పోతుందట" అన్నాను.

"ఎల్లదని పక్కాయేనా?"

"ఇంటికొచ్చి అడుగు. డాక్టరమ్మ ఇంకా ఉన్నారు."

జేబులోంచి చిన్న పొట్లం తీసి ఇచ్చాను. డాక్టరమ్మ గట్టూరు నుంచి తెప్పించిన తెల్ల తోడు, ఎండబెట్టిన పొడి. వదిన వేలి మీద వేసుకుని నాలిక్కి రాసుకుంది. ముఖం చిట్లించింది.

"ఇదేటి పెరుగు? సున్నమేసిన గోడ నాకినట్టుంది."

అంటూనే లేచి, ఒక చిన్న గిన్నె కడిగి, విడిగా తుడిచి, ఎర్ర పెరుగు తగలని మూలన పెట్టింది. గిన్నె చుట్టూ గుడ్డ చుట్టింది. నేను వచ్చేస్తుంటే, "కదపకు! కుదురుకోవాల!" అని అరిచింది. నేను గిన్నెకు ఆమడ దూరంలో ఉన్నాను.

గురువారం, వెలుగు పక్షం

దీపం పచ్చగా వెలిగింది! ఇంట్లో అందరం వెళ్ళి చూశాం, మరుగుదొడ్డి గొట్టం ముందు నిలబడి చప్పట్లు కొట్టాం. వరహాలు సిగ్గుతో తువ్వాలు ముఖం మీద కప్పుకుంది.

నడక మాత్రం ఇంకా గోడ పట్టుకునే. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నా భుజానికి. తొందరపడొద్దన్నారు. చొక్కా ఊసెత్తొద్దన్నారు. మనసు మందు మళ్ళీ మొదలెట్టాక ఏ పూటా మానలేదు. పులి-మేకలో నన్ను వరసగా ఓడిస్తూనే ఉంది, ఓడించి గొప్పలు కూడా చెప్పుకుంటోంది.

ఒకటే బాధ. అన్నం దగ్గర నేను ఎర్ర పెరుగు, అది తెల్ల పెరుగు. నా గిన్నెలోకి చూసి చూపు తిప్పుకుంటుంది. మా పేటలో పుట్టి పెరిగి, ఒకే బల్ల దగ్గర వేరే గిన్నెలో తినడం ఏ పిల్లకు బాగుంటుంది? "డాక్టరమ్మా, నేనూ తెల్లదే తింటాను" అన్నాను.

"తినండి. కానీ మీ వయసుకు కొవ్వు మందు మానడానికి లేదు. రోజుకో మాత్ర మింగాలి మరి" అన్నారు.

"మింగుతాను!" అన్నాను. అదెంత పని?

శుక్రవారం, వెలుగు పక్షం

డెబ్భై ఒక్క ఏళ్ళు వచ్చాయి, ఇంతవరకు ఒక్క మాత్ర మింగలేదు నేను.

పొద్దున్న ముగ్గురు ఆడవాళ్ళు నా చుట్టూ కూర్చున్నారు. వదిన తెచ్చిన తెల్ల పెరుగు బల్ల మీద ఉంది. గట్టిగా, మల్లెమొగ్గలాగా తోడుకుంది. "రుసి లేదు గానీ రూపముంది" అని వదిన పదిసార్లు చెప్పింది. మాత్ర కందిగింజంత ఉంది. నాలుక మీద పెట్టుకుని నీళ్ళు తాగాను. నీళ్ళు దిగాయి. మాత్ర దిగలేదు.

"తల ఎనక్కి వాల్సు నాన్నా" అంది వరహాలు బల్ల అవతలినుంచి.

వాల్చాను. దిగలేదు.

"ముందుకు వంచండి" అన్నారు డాక్టరమ్మ.

వంచాను. ముక్కులోకి నీళ్ళొచ్చాయి, మాత్ర బుగ్గలోకి పోయి కూర్చుంది.

"కోడిపెట్ట తాగినట్టు తాగు మరిదీ, ఇలాగ, ఇలాగ" అంటూ వదిన మెడ సాగదీసి చూపించింది. ఆవిడను చూసి నాకు నవ్వొచ్చి పొలమారింది. మాత్ర పటుక్కున పళ్ళ కింద పడింది. అబ్బ, ఏం చేదు! నా కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుక బయటపెట్టి రెండు చేతులతో గాలి విసురుకుంటున్నాను.

వరహాలుకు నవ్వు ఆగడం లేదు. బల్ల మీద తల పెట్టి నవ్వింది, తల ఎత్తి నవ్వింది, కడుపు పట్టుకుని, "నమిలీసినాడు దొడ్డా! మా నాన్న మాత్ర నమిలీసినాడు!" అని నవ్వింది. గ్లాసు చూస్తే ఖాళీ.

"ఉండు నాన్నా, ఉమ్మీకు, మంచినీళ్ళు తెత్తాను" అంటూ లేచింది.

లేచి కుళాయి దాకా వెళ్ళింది. బల్లకు చేతులు ఆనించలేదు. గోడ పట్టుకోలేదు. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని, ఇంకా నవ్వుతూ వెనక్కి తిరిగింది. దానికి ఆ సంగతే తెలీదు. డాక్టరమ్మ నావైపు చూశారు. వదిన మెడ అలా సాగదీసుకునే ఉండిపోయింది.

నా నోరంతా చేదు పాకుతోంది, కళ్ళనిండా నీళ్ళు, మాత్ర వల్లేననుకుని వరహాలు గబగబా నావైపు నడిచి వస్తోంది.